అతిథి చీర, ఆడపడుచు చీర

పెళ్ళికి వెళ్ళేవారు ఏమి కట్టుకోవాలన్న విషయంలో మా అమ్మకు ఉన్న నియమాలు ఏ గ్రంథంలోనూ లేవు. ఉండి ఉంటే నేను వెతికి పట్టుకునేదాన్నే. వేలూరులో ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న రోజులవి. క్రమం లేని జ్ఞానం జ్ఞానమే కాదని గట్టిగా నమ్మే వయసు. సెలవులకు గుడియాత్తం వచ్చినప్పుడల్లా అమ్మను కూర్చోబెట్టి ఒక్కొక్క నియమానికీ కారణం చెప్పమని అడిగేదాన్ని. పెళ్ళికూతురు మధుపర్కాలలో తెల్లగా ఉంటుంది గనుక ఆమె పక్కన అతిథి తెల్లచీరలో కనబడరాదు. ఇది నాకు అర్థమయింది. కొత్తచీర మూలకు పసుపు అంటించకుండా కట్టరాదు, ఇదీ సరే. కానీ ఒక ఇంట్లో జరిగిన పెళ్ళికి కట్టిన చీరను మళ్ళీ అదే ఇంటి పెళ్ళికి కట్టరాదనీ, వేరే ఇంటి పెళ్ళికైతే ఎన్నిసార్లయినా కట్టవచ్చనీ అనేది. ఎందుకు?

"ఏమో, మా అమ్మ అట్ల చెప్పింది."

"మీ అమ్మకు ఎవురు చెప్పినారు?"

"వాళ్ళమ్మ. నువ్వు ఇట్లే అడగతా పోతే సాయంత్రానికి సృష్టి మొదులుకు పోతావు. లేసి ఆ బియ్యం యేరు పో."

ఒక్క నియమాన్ని మాత్రం అమ్మ అడగకుండానే వివరించేది. పెళ్ళింటికి వచ్చే ఆడవాళ్ళు రెండు రకాలు. అతిథిగా వచ్చినామె తన చీరలో వస్తుంది, తన చీరలో కూర్చుంటుంది, తన చీరలోనే వెళ్ళిపోతుంది. ఆ ఇంటి ఆడపడుచు మాత్రం తన చీరలో వచ్చినా, పుట్టింటివారు పెట్టిన చీర కట్టుకొని ముహూర్తానికి కూర్చుంటుంది. ఆ చీర పట్టా, నూలా అని ఎవరూ చూడరు. అన్న చేతిమీదుగా వచ్చిందా లేదా అన్నదే చూస్తారు. పందిట్లో పరాయివాడు కూడా చీరలను బట్టి ఎవరు చుట్టాలో, ఎవరు ఇంటివారో పోల్చుకోగలడు.

మా నాన్నకు బజారులో పసుపు, కుంకుమల అంగడి ఉండేది. మా ఇంటి వెనక భాగంలో ఒక దంపతులు అద్దెకు ఉండేవారు. ఆమెను నేను అక్కా అని పిలిచేదాన్ని. నాకంటే పదేళ్ళు పెద్ద. వేలూరులో మాలాగే వ్యాపారం చేసుకునే తెలుగువారి బిడ్డ. భర్త అరవవాడు, మా ఊరి మగ్గాల మీద లుంగీలు నేసేవాడు. అతన్ని ఆమె తనంతట తాను కోరి చేసుకుంది. ఆ రోజు నుంచీ ఆమె అన్న ఆమెతో మాట్లాడలేదు, గడప తొక్కనివ్వలేదు. తల్లి చనిపోయినప్పుడు కూడా కబురు మూడో రోజున అందింది. ఈ సంగతులు అక్క ఎప్పుడూ చెప్పుకునేది కాదు. నాకు అమ్మ చెప్పింది.

ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు కాబోలు, ఆ అన్నగారి పెద్దకూతురి పెళ్ళి కుదిరింది. చిత్తూరు ఆంధ్రలోకి పోయి, మేము అరవవారి వైపు ఉండిపోయిన తరువాత, మాలో చాలామందికి ఉన్నట్టుండి తెలుగు మీద పట్టుదల పెరిగింది. ఆయన శుభలేఖలు పూర్తిగా తెలుగులో అచ్చు వేయించారు. వాటిని అందుకున్నవారిలో సగంమంది తెలుగు తప్ప మరొకటి మాట్లాడరు. చదవడం మాత్రం అరవంలోనే చదువుతారు. అక్కకూ తెలుగు లిపి రాదు. అందుకే టపాలో వచ్చిన కవరును చీర కొంగులో పెట్టుకొని నా దగ్గరికి వచ్చింది.

"చదువుమ్మే. అన్నీ చదువు, ఒక్క మాట ఇడవద్దు."

నేను మంగళశ్లోకం మొదలు ముద్రణాలయం పేరు దాకా చదివాను. కవరు మీద ఆమె పేరు ఒక్కటే ఉంది, భర్త పేరు లేదు.

"ఇంతేనా? చేత్తో ఏమన్నా రాసి ఉండాదా? కోక సంగతి?"

"శుభలేఖలో కోక సంగతి ఎవురన్నా రాస్తారా అక్కా?" అన్నాను నవ్వుతూ.

అమ్మ నా వైపు చూసిన చూపుకు నవ్వు ఆగిపోయింది. అప్పుడు తెలిసింది నాకు. ఇంటి ఆడపడుచును టపాలో పిలవరు. అన్నావదినలు వచ్చి, బొట్టు పెట్టి, ముందురోజే వచ్చి చీర కట్టుకోమని చెప్పి పిలుస్తారు. టపాలో వచ్చేది అతిథులకు. ఆ కవరు అక్కను పిలిచిందా, పరాయిదాన్ని చేసిందా అన్నది దానిలో ఎక్కడా లేదు.

"పోతావా?" అంది అమ్మ.

"పదకొండేండ్లకు ఒక కాయితం వచ్చినాది. పోకుండా ఉంటానా అక్కా?" అమ్మను ఆమె అక్కా అనేది. "పోతా. కానీ ఏం కట్టుకొని పోదును? ఈ నూలుకోకలో పోతే, చూడు కోక కోసరం వచ్చి నిలబడినాదని అంటారు. అట్ల అనిపించుకొనేకి నేను పోను."

అమ్మ లేచింది. లోపలికి వెళ్ళి తన వంకాయరంగు కంచిపట్టు చీర తీసుకొచ్చింది. ఆవపువ్వు రంగు అంచు, అరచేయి వెడల్పున ఉండేది. అమ్మకు ఉన్న పెద్దచీర అదొక్కటే.

"ఇది కట్టుకో. అడిగేకి వచ్చినట్ల ఉండకూడదు. వాళ్ళు పెడితే పుట్టింటి కోక కట్టుకొని కూర్చో. పెట్టకుంటే ఇదే నీ కోక. ఎవురూ ఏమీ అనలేరు."

అంత పకడ్బందీ ఆలోచన నేను ఏ తర్కశాస్త్రంలోనూ చూడలేదు. ఎటు తిరిగినా అక్క తల వంచనవసరం లేదు.

భర్త పెళ్ళికి రానన్నాడు. కవరు మీద తన పేరు లేదన్న మాట ఎత్తకుండా, మగ్గం మీద పని ఉందని చెప్పి, పోయిరమ్మని అక్కకు అరవంలో చెప్పాడు. తోడుకు నన్ను పంపారు. బయలుదేరేముందు అమ్మ నన్ను పక్కకు పిలిచి ఎరవు చీర మర్యాద బోధించింది. చీర ఇచ్చినవాళ్ళు, అది తిరిగి తమ పెట్టెలోకి వచ్చేదాకా, దాన్ని తమదిగా చూడరాదు. పెళ్ళిలో ఆ చీర వంక తేరిపార చూడరాదు. జాగ్రత్త అనరాదు.

"చినిగితే?"

"చినిగితే చినిగినాది. నీ కండ్లు దాని మీద పడకూడదు, అంతే."

"నేను రేపు బడిలో పిల్లకాయలకు చెప్పబోయేదాన్ని. నాకు ఇన్నిసార్లు చెప్పల్లా?"

"నీకే చెప్పల్ల," అంది అమ్మ.

తెల్లవారే బస్సులో వేలూరు చేరాము. గుమ్మంలో పన్నీరు చల్లి, చందనం ఇచ్చారు. లోపలి నుంచి పరుగున వచ్చిన వదినగారు, అక్కను చూసి రెండు చేతులూ చాచినామె, చీర అంచు చూసి, అక్కడి నుంచి కొంగు దాకా చూసి, చాచిన చేతులు దించేసింది.

"రామ్మా, రా. కూచో," అని చాప చూపించి, తొందరగా లోపలికి వెళ్ళిపోయింది.

ఆ చాప అతిథులది. ఎదురుగా, పందిరి రాట దగ్గర, చిత్తూరు నుంచి వచ్చిన అక్క పినతండ్రి కూతుళ్ళు ఇద్దరు కూర్చొని ఉన్నారు. ఇద్దరూ ఒకే రకమైన పసుపుపచ్చ నూలుచీరలు, ఎర్రటి అంచువి, మడత నలగనివి కట్టుకొని ఉన్నారు. ఇంటివారు పెట్టిన చీరలని వేరే చెప్పనవసరం లేదు. అక్క వాటిని ఒక్కసారి చూసింది. తరువాత పందిరికి కట్టిన మామిడాకులను చాలా శ్రద్ధగా చూడసాగింది. అన్నగారు రెండుమూడు సార్లు అటుగా వెళ్ళారు. తల తిప్పలేదు. ముహూర్తం పదిన్నరకు. అప్పటికి ఎనిమిది కావస్తోంది.

నేను లెక్క కట్టుకున్నాను: చీర పెట్టదలిస్తే ఈపాటికి పెట్టి ఉండాలి. కట్టుకోవడానికి, తల దువ్వుకోవడానికి సమయం కావాలి కదా. ఎందుకు పెట్టలేదు? మరిచారా? మరిచేవారు ముందు పరుగున ఎందుకు వచ్చారు? వచ్చినామె చేతులు ఎందుకు దించుకుంది? ఇలాంటి ప్రశ్నలతో తల నిండి ఉండగా ఫలహారానికి పిలిచారు.

బంతిలో నేను అక్క పక్కన కూర్చున్నాను. అక్కకు అవతలి పక్కన పొన్నై నుంచి వచ్చిన ఆమె పెద్దమ్మ, అంటే చనిపోయిన తల్లికి అక్క, కూర్చుంది. ముసలావిడకు చెవులు, కళ్ళు, నోరు మూడూ పదునుగానే ఉన్నాయి. పక్కింటి బిడ్డ అని నన్ను చూపించి, అక్క ఆవిడ వైపు తిరిగి మాట్లాడుతోంది. కొంగు జారి ఆకు పక్కన పడింది. వడ్డించే మనిషి సాంబారు బకెట్టుతో వస్తున్నాడు. గరిటె నిండా తీసి, కారుతుండగానే అడుగు వేసే రకం. నేను ఏమీ ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే చేసేదాన్ని కాదు. ఎడమచేయి చాచి ఆ కొంగు ఎత్తి, తడిసిన అంచును నా చీరతో ఒత్తి తుడిచి, మడిచి అక్క ఒడిలో పెట్టాను.

పెద్దమ్మ మాట ఆపింది.

"ఏమ్మే, ఆ కోక ఎవురిది?"

అక్కను అడిగిందనుకొని నేను ఆకు వైపు తిరిగాను.

"నిన్నే అడిగేది బిడ్డా. పక్కింటి బిడ్డవు, ఆమె కోక నువ్వు తుడస్తా ఉండావే. తన కోకయితే తాను తుడుసుకోదా?"

నాకు అబద్ధం చెప్పడం రాదు. దాన్ని గుణమని చాలా ఏళ్ళు అనుకున్నాను. "మా అమ్మది," అన్నాను.

బంతిలో మా ఎదుట కూర్చున్నవారందరూ తలలెత్తారు. అక్క చేయి ఆకు మీద అలాగే ఉండిపోయింది. ఆమె ముఖం వైపు చూడలేక ఆకులోని ఇడ్లీ వైపు చూశాను. అప్పుడు ఆమె గొంతు, నేను ఊహించినదానికంటే పెద్దగా, వినబడింది.

"అవును పెద్దమ్మా, ఎరవు కోకే. మా ఇంటాయన నేసేది లుంగీలు. అన్న కూతురు పెండ్లికి లుంగీ చుట్టుకొని వస్తే బాగుండదని, ఇది అడిగి తెచ్చుకున్నా."

బంతి మొత్తం నవ్వింది. పెద్దమ్మ అందరికంటే ఎక్కువ నవ్వింది. "వచ్చింటే బాగుండేది మే! మీ అన్న మొకం చూసి నేను ఇంకో రెండేండ్లు బతికుందును!" అంది. అక్క కూడా నవ్వి, ఆకులో వేసినదంతా తునక మిగలకుండా తినింది. లేచి చేయి కడుక్కున్నాక మాత్రం నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టుకు రెండు రోజులు నొప్పి ఉండింది.

వదినగారు మా వెనక బంతిలో నెయ్యి వడ్డిస్తూ ఉందని నాకు తెలియదు. నేతిగిన్నె ఎవరి చేతికో ఇచ్చి, మా ఇద్దరినీ సామాన్ల గదిలోకి నడిపించింది.

"ముందే చెప్పకూడదా తల్లీ?"

"ఏం చెప్పల్ల వదినా? నాకు కోక లేదు, పెట్టండి అనా?"

"నాకు చెప్పకుంటే ఇంకెవురికి చెప్తావు?" అంటూ వదినగారు పెట్టె మూత ఎత్తింది. పైనే, కాగితంలో, అదే పసుపుపచ్చ నూలుచీర, ఎర్ర అంచుది, ఉంది. మూలకు పసుపు అంటించి కూడా పెట్టింది. "మూడూ ఒకటిగా తెచ్చినాము. నీకు ముందుగా ఎత్తిపెట్టింది ఇదే. నువ్వేమో మహారాణి మాదిరి పట్టుకోక కట్టుకొని దిగితివి. ఇంత పట్టు కట్టేదానికి ఈ నూలుకోక ఎట్ల పెట్టేది? నీ మొకాన ఇసిరినట్ల ఉండదా? మీ అన్నను అడిగితే, ఆమెకేం కొదవ, వద్దులే అన్నాడు. సిగ్గయి మూత యేసేస్తిని."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అక్క చీర మూలకున్న పసుపును వేలితో తాకింది.

అక్క పరువు కాపాడేందుకు మా అమ్మ వేసిన ఎత్తు, ఆ ఇంటివారి పరువుకు అడ్డుపడింది. రెండు వైపులా మర్యాదే తప్ప మరేమీ లేదు. ఆ మర్యాదే మధ్యలో గోడగా నిలిచింది. ఇది నాకు అప్పుడూ వింతగానే తోచింది, ఇప్పటికీ వింతగానే ఉంది.

"ఇట్లియ్యి, కట్టుకుంటా," అంది అక్క.

"నేనిస్తే ఎట్లమ్మా? ఆయనియ్యల్ల."

అన్న చేతిమీదుగా రాని చీర పుట్టింటి చీర కాదు. వదినగారు వాకిట్లోకి వెళ్ళి ఆయన్ను పిలిచింది. ఆయన రావడానికి పట్టిన సమయం నాకు చాలా దీర్ఘంగా అనిపించింది. బయట నాదస్వరం వాయించేవారు శ్రుతి చూసుకుంటున్నారు. అక్క పట్టుచీర కుచ్చిళ్ళను వేళ్ళతో సరిచేస్తూ, గోడకు ఆనుకొని నిలబడింది. ఆయన రాకపోతే ఈ చీరలోనే తిరిగి అతిథుల చాప మీదికి పోవాలి. అది ఎవరి చీరో ఇప్పుడు పందిట్లో అందరికీ తెలుసు. ఆ స్థితికి ఆమెను తెచ్చింది నేను.

ఆయన వచ్చి గుమ్మం దాటకుండా నిలబడ్డారు. లావుపాటి మనిషి, భుజాన జరీ కండువా. నేల చూస్తూ మాట్లాడారు.

"పెద్దమ్మ అందరి ముందరా నన్ను తిడతా ఉండాది. ఆడపడుచు యాడరా, చాప మీద కూచోబెట్టినావేరా అని."

అక్క గోడ వదిలి నిలబడింది. వదినగారు చీరను తాంబూలపు తట్టలో పెట్టి ఆయన చేతికిచ్చింది. ఆయన చేతిలో అది కొంతసేపు ఉంది.

"ఆయన రాలేదా?" అన్నారు.

"పిలిస్తే కదన్నా వచ్చేది."

ఆయన తట్ట ముందుకు చాచారు. అక్క వంగి రెండు చేతులా అందుకుంది. వంగినప్పుడు ఆయన చేయి ఆమె తల మీదికి కొంచెం లేచింది, ఆనలేదు. "బిరీన కట్టుకొని రా. గౌరీపూజకు కూర్చోబెడతా ఉండారు," అని వెళ్ళిపోయారు.

ముహూర్తానికి అక్క పందిరి రాట దగ్గర, చిత్తూరు చెల్లెళ్ళ పక్కన, మూడో పసుపుపచ్చ చీరగా కూర్చుంది. నేను అతిథుల చాప మీద, అమ్మ పట్టుచీర ఉన్న సంచి ఒడిలో పెట్టుకొని కూర్చున్నాను. తలంబ్రాలప్పుడు పెద్దమ్మ అక్కడి నుంచే నన్ను చూసి, సంచి వైపు వేలు చూపించి, "గట్టిగా పట్టుకోమ్మే, సాంబారు పడుతుంది!" అని కేక వేసింది. అందరూ మళ్ళీ నవ్వారు. ఈసారి నవ్వింది నన్ను చూసి గనుక నాకు కొంత ఊరట కలిగింది.

తిరుగు బస్సులో అక్క పళ్ళికొండ దాటేదాకా, పాలారు ఇసుక ఎండకు మెరుస్తుంటే అటే చూస్తూ కూర్చుంది. చివరికి నేనే అన్నాను.

"అక్కా, తప్పు నాదే."

"నీది కాకుంటే నాదా? మీ అమ్మ చెప్పలేదా నీకు?"

"చెప్పింది."

"చెప్పినా ఇనకుంటే, నువ్వు రేపు బిడ్డలకు ఏం చెప్తావు?"

"నేను అట్ల చెయ్యబట్టే కదా కోక వచ్చినాది అని ఎవురన్నా అంటారేమో..." అని మొదలుపెట్టాను.

"అంటే అననీ. నువ్వు మాత్రం అనుకోవద్దు," అంది. గొంతులో కోపం ఉంది. "ఆ బంతిలో నాకు ఎట్లుండిందో నీకు తెలవదు. లుంగీ మాట నోటికి రాకుంటే నేను ఆన్నే పడిపోదును. ఆ మాట అన్నందుకు మా ఇంటాయనకు ఏం జవాబు చెప్పుదునో అదీ తెలవదు."

నేను తల వంచుకున్నాను. ఆ తప్పును ఫలితం చూసి క్షమించుకోవడం అప్పటి నుంచీ మానుకున్నాను. మంచి జరిగింది నిజమే. అయినా ఆమె ఒక బంతి మొత్తం ముందు తన భర్త పనిని నవ్వులపాలు చేసుకొని తన మర్యాద కాపాడుకోవలసి వచ్చింది. ఆ నవ్వు నా చేతివల్ల వచ్చినదే.

కొంతసేపటికి ఆమే, ఈసారి మెల్లగా, అంది: "ఆయనకు పంచె పెట్టలే, చూసినావా?"

చూశాను. ఆడపడుచుకు చీర పెడితే అల్లుడికి పంచె పెట్టాలి. తట్టలో చీర ఒక్కటే ఉంది.

"మరిచినారేమో."

"మా అన్న ఏదీ మరిచేవాడు కాదు." కిటికీలోంచి వచ్చే దుమ్ముకు కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. "చిన్నది ఇంకొకటి ఉండాది గదా ఆయనకు. ఎనిమిదేండ్లది. దాని పెండ్లికి చూస్తాము."

ఇల్లు చేరేసరికి సాయంత్రమవుతోంది. భర్త మగ్గం దిగి వాకిట్లో కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఆమెను చూసి, చీరను చూసి, చెంబు కింద పెట్టాడు.

"యారు కుడుత్తా?" అన్నాడు అరవంలో. ఎవరిచ్చారు అని.

"మా అన్న," అంది ఆమె తెలుగులో.

అతను చీర అంచు వేళ్ళ మధ్య పట్టుకొని, నేతగాడు చూసినట్టు నూలు చూసి, బాగుందన్నట్టు తల ఊపాడు. లుంగీ మాట ఆమె అతనికి చెప్పిందో లేదో నేను ఎన్నడూ అడగలేదు. తెలుసుకోవాలని మాత్రం చాలాకాలం ఉండేది.

పెళ్ళి నుంచి వచ్చినవారు ముందు చేసే పని పెళ్ళిచీర విప్పి ఆరవేయడం. అక్క విప్పలేదు. ఆ కొత్తచీరలోనే బిందె చంకన పెట్టుకొని వీధికొళాయి దగ్గరికి నడిచింది. నేను, అమ్మ గడపలో నిలబడి చూశాము. కొళాయి చుట్టూ ఉన్న ఆడవాళ్ళు వెంటనే మూగారు. ఒకామె అంచు పట్టి చూసింది. ఇంకొకామె ఏదో అడిగింది. అక్క జవాబు చెప్పింది. బిందె నిండింది.

"కొత్తకోక తడుపుకుంటా ఉండాది, చూడమ్మా," అన్నాను.

"గమ్మునుండు," అంది అమ్మ.

అక్క నీళ్ళు లోపల పోసి మళ్ళీ వచ్చింది. ఇంకెవరో అడిగారు. మళ్ళీ చెప్పింది. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే. రోజూ పట్టేది రెండు బిందెలు. ఆ సాయంత్రం ఆమె నాలుగు బిందెలు పట్టింది.